రీడింగ్ క్లాసులో వెనక కూర్చుని ఏం చూడాలి? (ఇంగ్లిష్ కొత్తగా నేర్చుకునే పెద్దవాళ్ల క్లాసు)

వెనక బెంచీ · సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇంగ్లిష్ టీచర్ ట్రైనింగ్ చేస్తున్నాను. ఈ గురువారం ఒక క్లాసుకి వెళ్లి, ఏమీ మాట్లాడకుండా కూర్చుని చూసి రావాలి. పెద్దవాళ్ల క్లాసు. ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లు, ఒక్కొక్కరిది ఒక్కో భాష, ఇంగ్లిష్ చదవడం మొదటి మెట్టు నుంచి నేర్చుకుంటున్నారు. మొత్తం 50 నిమిషాలు.

చేతికి ఒక ఫారం ఇచ్చారు. 18 ప్రశ్నలు, పక్కన అవును, కాదు అని రెండు గళ్లు. "పాఠం లక్ష్యం టీచర్ స్పష్టంగా చెప్పారా?", "అందరూ చురుగ్గా పాల్గొన్నారా?", "అందరూ చదవగలిగారా?" ఇలా ఉన్నాయి. ఇవి నింపడానికి క్లాసుకి వెళ్లడం ఎందుకు, ఇంట్లో కూర్చునే టిక్కులు పెట్టేయొచ్చు కదా అనిపించింది.

నిజంగా చూడాల్సింది ఏంటో చెప్పండి. నాకు చదవడం ఎలా వచ్చిందో నాకే గుర్తు లేదు. చదవడం రాని మనిషి ఎదురుగా కూర్చుంటే అక్కడ ఏం జరుగుతోందో నా కంటికి ఆనుతుందా అని టెన్షన్‌గా ఉంది.

---

నల్లబల్ల · సోమవారం, రాత్రి 10:15

ఫారం సంచిలో పెట్టేయండి. క్లాసు అయ్యాక తీద్దురుగాని.

నోటుబుక్కులో పేజీ మధ్యలో నిలువుగా గీత గీయండి. ఎడమ పక్క చూసింది, కుడి పక్క అనుకున్నది. "ఆయనకి ఆసక్తి లేదు" అనేది చూసింది కాదు, అనుకున్నది. "10 నిమిషాల్లో 4 సార్లు తలుపు వైపు చూశాడు" అనేది చూసింది. అతనికి ఆసక్తి లేకపోయి ఉండొచ్చు, ఎవరికోసమో ఎదురుచూస్తూ ఉండొచ్చు, కళ్లు నొప్పి పుట్టి ఉండొచ్చు. మీకు తెలీదు. నేను 19 ఏళ్లుగా క్లాసులు చూస్తున్నాను, ఇప్పటికీ కుడి పక్క రాయాల్సింది ఎడమ పక్క రాసేస్తుంటాను.

ఇంకోటి, వెనక కూర్చోకండి. మీ పేరు బాగుంది గానీ వెనక నుంచి జుట్టు తప్ప ఏమీ కనబడదు. పక్కగా, గోడవారన కూర్చోండి. పెదాలు కనబడాలి, వేళ్లు కనబడాలి. చదవడం వేలిలో తెలుస్తుంది.

---

పొల్లు · సోమవారం, రాత్రి 10:52

నేనైతే ఒక్కటే వింటాను. టీచర్ అక్షరం పేరు చెబుతున్నారా, శబ్దం చెబుతున్నారా?

ఇంగ్లిష్‌లో అక్షరాలు 26. శబ్దాలు యాసని బట్టి కాస్త అటూ ఇటూ, దాదాపు 44. ఈ తేడాలోనే సగం కష్టం ఉంది. పైగా అక్షరం పేరు చాలాసార్లు దారి తప్పిస్తుంది. "డబ్ల్యూ" అన్న పేరు "డ"తో మొదలవుతుంది, ఆ అక్షరం పలికే శబ్దం అందులో ఎక్కడా లేదు. "హెచ్" అసలు ఇంగ్లిష్ పేరు "ఎయిచ్", దాని సంగతీ అంతే. సి, ఏ, టి అని వందసార్లు పలికినా "క్యాట్" రాదు, "సియేటీ" వస్తుంది.

శబ్దం నేర్పేవాళ్లు కూడా ఒక తప్పు చేస్తారు. "బ్" అనాల్సిన చోట "బ" అంటారు. అప్పుడు అభ్యాసకుడు "బ-ఇ-గ" అని కూడబలుక్కుంటాడు. "బిగ్" అనే మాట వాడి చెవికి చేరదు. మన తెలుగువాళ్లకి ఇది చిటికెలో అర్థమవుతుంది, ఎందుకంటే మనకి పొల్లు ఉంది. హల్లుని అచ్చు లేకుండా రాయడం మనకి అలవాటే. అలాంటి గుర్తు ఇంగ్లిష్ లిపిలో లేదు.

అక్షరాలు ఏ వరసలో నేర్పుతున్నారో కూడా చూడండి. ఏ నుంచి జడ్ దాకా వరసగా వెళ్తుంటే అది పాట, పాఠం కాదు. ఎస్, ఏ, టి, పి, ఐ, ఎన్ ఈ ఆరూ ముందు నేర్పితే సిట్, పిన్, ట్యాప్, నిప్, స్పిన్ అని మొదటి వారంలోనే బోలెడు మాటలు చదివేయొచ్చు. చదివాం అన్న ధైర్యం వస్తుంది.

---

రెండో భాష · సోమవారం, రాత్రి 11:20

పొల్లు గారూ, మీరు చెప్పింది కాదనను. కానీ అది ఇంట్లో ఇంగ్లిష్ మాట్లాడే పిల్లలకి సరిగ్గా సరిపోతుంది. ఆ పిల్ల "ప్-ఇ-న్" అని కూడబలుక్కోగానే "ఓహో పిన్!" అంటుంది, ఎందుకంటే ఆ మాట ముందే తెలుసు. మన క్లాసులో కూర్చున్న పెద్దాయన అంతే చక్కగా "పిన్" అంటాడు, అని మన మొహం చూస్తాడు. తలుపు తెరుచుకుంది, లోపల గది లేదు.

గాఫ్, టన్‌మర్ అనే ఇద్దరు 1986లో దీన్ని చిన్న లెక్కలాగా చెప్పారు. చదివి అర్థం చేసుకోవడం అంటే అక్షరాన్ని మాటగా మార్చగలగడం, భాష విని అర్థం చేసుకోగలగడం, ఈ రెండిటి గుణకారం. కూడిక కాదు, గుణకారం. రెండిట్లో ఏది సున్నా అయినా మొత్తం సున్నాయే.

అందుకని వెనక బెంచీ గారూ, మీరు చూడాల్సింది ఇది. బోర్డు మీద మాట రాయకముందు ఆ మాట క్లాసులో ఎన్నిసార్లు నోళ్లలో నలిగింది? బొమ్మ చూపించారా, చేసి చూపించారా, వాళ్ల చేత అనిపించారా? లేక నేరుగా అక్షరాల్లోకి దూకారా?

---

పొల్లు · సోమవారం, రాత్రి 11:31

గుణకారం అని మీరే అన్నారు కదా. మరి అక్షరం వైపు సున్నా ఉంటే మీ బొమ్మలూ నటనలూ ఏం చేస్తాయి?

---

రెండో భాష · సోమవారం, రాత్రి 11:34

ఏమీ చేయవు. నేను అదే అంటున్నాను. ఇద్దరం పోట్లాడుకోనక్కర్లేదు, కానీ పోట్లాడుకుంటాం, నాకు తెలుసు.

---

కె పలకదు · మంగళవారం, ఉదయం 7:05

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. 44 శబ్దాలు నేర్పేసినా "నైఫ్" ముందు కె ఎందుకుందో ఎవరు చెబుతారు? ఒకప్పుడు దాన్ని నిజంగానే పలికేవారట. పలకడం మానేశారు, రాయడం మానలేదు. ఇంగ్లండులో క్యాక్స్టన్ అచ్చు యంత్రం పెట్టింది 1476లో. స్పెల్లింగులు అచ్చులో గట్టిపడుతున్న రోజుల్లోనే నోట్లో ఆ, ఈ లాంటి దీర్ఘాల పలుకుబడి మారిపోతోంది. నిద్రపోతున్నప్పుడు తీసిన ఫొటోని పాస్‌పోర్టుకి అతికించినట్టు.

మీ క్లాసులో ఎవరైనా "ఇక్కడ ఈ అక్షరం ఎందుకు?" అని అడిగితే టీచర్ ఏం చెబుతారో రాసుకు రండి. నాకు కావాలి.

---

నల్లబల్ల · మంగళవారం, ఉదయం 8:10

అందుకే కొన్ని మాటల్ని బొమ్మ గుర్తుపట్టినట్టు గుర్తుపట్టమంటారు. "వాజ్", "సెడ్", "ఆఫ్" లాంటివి. డాల్చ్ అనే ఆయన 1936లో ఇలాంటి తరచూ వచ్చే మాటలు 220 ఏరి జాబితా వేశారు. అందులో నామవాచకాలు లేవు, వాటికి వేరే జాబితా పెట్టారు. పిల్లల పుస్తకాల కోసం చేసిన పని అది. పెద్దవాళ్ల క్లాసులో ఆ కార్డులు వరసగా చూపిస్తూ చదివిస్తుంటే నాకు కాస్త చిరాకేస్తుంది. "ఆఫ్" అన్న ముక్క ఒంటరిగా కార్డు మీద కూర్చుంటే దానికి అర్థమేముంది?

---

మూడో వరస · మంగళవారం, మధ్యాహ్నం 2:25

నేను టీచర్‌ని కాను. మీరు చూడబోయే క్లాసులో కూర్చున్న రకం మనిషిని. 41 ఏళ్లప్పుడు ఇంగ్లిష్ చదవడం మొదలుపెట్టాను. ఇలాంటి చోట్ల టీచర్లే మాట్లాడుతుంటారు, అందుకని రాయాలా వద్దా అని నిన్న రాత్రి నుంచీ ఊగిసలాడాను.

ఒకసారి మా క్లాసుకీ మీలాంటావిడే వచ్చి నా వెనక కూర్చుంది. ఆవిడ మొహం నాకు గుర్తు లేదు. పెన్ను చప్పుడు గుర్తుంది. నేను ఆగిన ప్రతిసారీ పెన్ను గీకేది. సరిగ్గా చదివినప్పుడు చప్పుడు లేదు. మూడోసారికి నాకు అక్షరాలు కనబడటం మానేశాయి, చప్పుడు ఒక్కటే వినబడింది. ఆవిడ ఏం రాసుకుందో తెలీదు, బహుశా నా గురించి మంచే రాసుకుని ఉండొచ్చు.

ఇంకో సంగతి చెబుతాను, ఇది టీచర్లకి తెలుసో తెలీదో. వరసగా ఒక్కొక్కరూ ఒక్కో వాక్యం చదవాలంటారు చూడండి, అప్పుడు నేను పాఠం వినేదాన్ని కాదు. నా ముందు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టేదాన్ని. ఆరుగురుంటే ఏడో వాక్యం నాది. దాన్నే లోపల లోపల పదిసార్లు అనుకునేదాన్ని. మధ్యలో ఎవరైనా లేచి బయటికి వెళ్తే నా లెక్క తప్పి, గుండె జారిపోయేది. నా వంతు అయిపోగానే హమ్మయ్య అనుకుని కిటికీ వైపు చూసేదాన్ని. అంటే 50 నిమిషాల క్లాసులో నేను చదివింది ఒక్క వాక్యం.

అందరూ వరసగా చదువుతుంటే చూడ్డానికి చాలా బాగుంటుంది. మీరు చదివేవాళ్లని చూడకండి. ఇంకా వంతు రానివాళ్లని చూడండి.

---

రెండో భాష · మంగళవారం, మధ్యాహ్నం 2:50

అమ్మా, ఊగిసలాడి ఆగిపోకుండా రాసినందుకు దండం. 12 ఏళ్లుగా వరసగా చదివిస్తున్నాను నేను.

---

వెనక బెంచీ · మంగళవారం, సాయంత్రం 6:30

మూడో వరస గారి పోస్టు మూడుసార్లు చదివాను. పెన్ను సంగతి గుర్తు పెట్టుకుంటానండీ.

ఒక చిన్న సందేహం. కొందరు ఇంగ్లిష్ మాట పైన వాళ్ల లిపిలో ఉచ్చారణ రాసుకుంటారు కదా. నేనూ చిన్నప్పుడు తెలుగులో రాసుకునేదాన్ని. అది కనబడితే దాన్ని లోపంగా రాయాలా?

---

పొల్లు · మంగళవారం, సాయంత్రం 7:12

చేతికర్రని లోపం అనరు. కాకపోతే దాంతోనే పరిగెత్తలేం. తెలుగులోనే చూడండి, "వి"తో మొదలయ్యే వెస్ట్ ఒక రకం చొక్కా, "డబ్ల్యూ"తో మొదలయ్యే వెస్ట్ దిక్కు. రెండూ మనం ఒకేలా రాస్తాం. మన లిపి ఆ తేడాని మింగేస్తుంది. ఇంకో చిక్కు, పైన సొంత లిపి ఉన్నంతసేపు కన్ను కింది వరసకి దిగదు. మీరు "చూసింది" గడిలో రాయండి. ఎవరు రాసుకున్నారు, చదివేటప్పుడు కళ్లు ఏ వరస మీద ఉన్నాయి, అంతే.

---

నల్లబల్ల · బుధవారం, రాత్రి 9:00

రేపే కదా. ఆఖరి మాట. అందర్నీ చూడాలనుకుంటే ఎవర్నీ చూడలేరు. మొదటి పది నిమిషాల్లో ఒకర్నో ఇద్దర్నో ఎంచుకోండి. వాళ్లు చదువుతున్నప్పుడు సరిగ్గా చదివిన ప్రతి మాటకీ ఒక టిక్కు, వేరేలా చదివితే ఏమన్నారో అదే రాయండి, తనే దిద్దుకుంటే దానికో గుర్తు. న్యూజిలాండ్‌లో మేరీ క్లే పిల్లల కోసం తయారు చేసిన పద్ధతి ఇది. నూటికి 95 మాటలు, అంతకు పైన వస్తే తేలిక పాఠం, 90 నుంచి 94 వస్తే నేర్చుకోవడానికి సరైన పాఠం, 90 కంటే తగ్గితే బరువు ఎక్కువైనట్టు. పెద్దవాళ్లకి ఆ అంకెలు అచ్చంగా వర్తిస్తాయని నేననను. కానీ అలా గుర్తులు పెట్టడం మొదలుపెడితే మీ చెవి పదునెక్కుతుంది.

టిక్కులు సరైన మాటలకి పెడతాం కాబట్టి పెన్ను సమస్య కూడా తీరుతుంది. ఆగినప్పుడు కాదు, చదివినప్పుడే చప్పుడు.

---

వెనక బెంచీ · గురువారం, రాత్రి 10:35

వెళ్లొచ్చాను. చాలా పొడుగు పోస్టు, ఓపిక పట్టండి.

14 మంది. గోడవారన కూర్చున్నాను. టీచర్ నన్ను అందరికీ పరిచయం చేసి, "ఈవిడ నన్ను చూడ్డానికి వచ్చారు, మిమ్మల్ని కాదు" అన్నారు. అందరూ కాస్త వదులయ్యారు. (అది పూర్తిగా నిజం కాదని నాకూ టీచర్‌కీ తెలుసు.)

పుస్తకం లేదు. క్లాసులో ఒకాయన నిన్న తాళంచెవి పోగొట్టుకున్నాడట. దాన్ని చేతులతో, ముక్కలు ముక్కలుగా ఉన్న ఇంగ్లిష్‌తో చెప్పాడు. అందరూ ప్రశ్నలు వేశారు. టీచర్ కూడా సంచి వెతికినట్టు, గది వెతికినట్టు నటించారు. ఇదే ఒక పావుగంట. ఆ తర్వాతే బోర్డు మీద రాయడం. ఆయన చెప్పిన మాటల్ని అయిదు వాక్యాలు చేశారు. నిన్న నా తాళంచెవి పోయింది, సంచిలో చూశాను, గదిలో చూశాను, నా స్నేహితుడు నవ్వాడు, తాళంచెవి నా జేబులోనే ఉంది. ఇంగ్లిష్‌లో మొత్తం 24 మాటలు. రాస్తున్నప్పుడు ఒక్కో మాటా పైకి అంటూ రాశారు.

తర్వాత అందరూ కలిసి రెండుసార్లు, ఆపైన ఒక్కొక్కరు. వరసగా కాదు, టీచర్ పేరు పిలిస్తే చదవాలి. నేను ఇద్దర్ని పట్టుకున్నాను.

మొదటిది ఒకావిడ. అయిదో మనిషిగా పిలిచారు. గడగడా చదివేసింది, 12 సెకన్లు. 24 టిక్కులు. నాకు భలే సంతోషం వేసింది. టీచర్ "నవ్విందెవరు?" అని అడిగారు. ఆవిడ మళ్లీ మొదటి వాక్యం చదివింది. టీచర్ ఇంకోసారి అడిగారు, ఈసారి నవ్వి చూపిస్తూ. ఆవిడా నవ్వింది. అంతే. కాసేపటికి అదే పాఠంలోని మాటలు విడి కార్డుల మీద ఇచ్చి, "కీ" ఎక్కడుందో చూపించమన్నారు. ఆవిడ వేలు నాలుగు కార్డుల మీద తిరిగి, "మై" మీద ఆగింది. అప్పుడు అర్థమైంది, 24 టిక్కులూ చదివినందుకు కాదు, అప్పజెప్పినందుకు పెట్టాను. నలుగురు చదవడం విని పాఠం మొత్తం పట్టేసింది.

రెండో ఆయన. వేలు పెట్టి, కూడబలుక్కుంటూ చదివాడు. దాదాపు రెండు నిమిషాలు. "లుక్డ్" దగ్గర రెండుసార్లూ "లుక్-ఎడ్" అన్నాడు. ఆఖరి వాక్యంలో తాళంచెవి ఎక్కడుందో చెప్పే చోట "పాకెట్" అనాల్సింది "రాకెట్" అన్నాడు. తాళంచెవి రాకెట్‌లో ఉంది! ఎవరో కిసుక్కుమన్నారు. నేను కుడి పక్క "అజాగ్రత్త, చూడకుండా ఊహించి చదువుతున్నాడు" అని రాసేశాను. రాయడం పూర్తి కాలేదు, ఆయన ఆగాడు. తల అడ్డంగా ఊపాడు. బోర్డుని మళ్లీ చూసి, తన చొక్కా జేబు తట్టుకుని "పాకెట్!" అన్నాడు. టీచర్ ఈలోపు ఒక్క మాట అందివ్వలేదు. నేను లోపల లెక్కపెట్టాను, ఏడు సెకన్లు. ఏడు సెకన్ల నిశ్శబ్దం ఎంత పొడుగుంటుందో క్లాసులో కూర్చుంటే తెలుస్తుంది. నాకైతే లేచి చెప్పేయాలనిపించింది.

---

రెండో భాష · గురువారం, రాత్రి 10:58

ఏడు సెకన్లా! ఆ టీచర్‌కి నా నమస్కారం. మేరీ బడ్ రో అనే ఆవిడ 1970ల్లో సైన్సు క్లాసులు పరిశీలించి చెప్పింది, ప్రశ్న వేశాక టీచర్లు ఆగేది సగటున ఒక్క సెకను. దాన్ని మూడు సెకన్లకి పెంచితే జవాబులు పొడుగయ్యాయి, మామూలుగా నోరు విప్పనివాళ్లూ మాట్లాడారు. అది సొంత భాషలో చెప్పే జవాబుల సంగతి. రెండో భాషలో అయితే మాట వెతుక్కోవాలి, దాన్ని నాలుక మీదికి తెచ్చుకోవాలి.

ఆ "పాకెట్" ఆయన్ని దిద్దింది ఏంటో చూశారా? అర్థం. జేబులో ఉందని కథ ముందే తెలుసు కాబట్టే రాకెట్ పొసగలేదు. పావుగంట మాటల ఫలితం అది. ఈ లెక్కన నేనే గెలిచాను.

---

పొల్లు · గురువారం, రాత్రి 11:10

ఆగండి ఆగండి. వెనక బెంచీ గారూ, ఆయన మాతృభాష రష్యన్ గానీ, అదే లిపిలో రాసే ఇంకో భాష గానీనా?

---

వెనక బెంచీ · గురువారం, రాత్రి 11:14

అవునండీ! రష్యనే. మీకెలా తెలుసు?

---

పొల్లు · గురువారం, రాత్రి 11:32

ఊహించడం కాదు, అక్షరం చెప్పింది. సిరిలిక్ లిపిలో "పి" ఆకారానికి శబ్దం "ర్". మన కంటికి "హెచ్"లా కనబడేది అక్కడ "న్", "సి" ఆకారం ఎప్పుడూ "స్", పెద్ద "బి" ఆకారం "వ్". చిన్నప్పటి నుంచీ ఆ ఆకారం చూడగానే "ర్" అన్న మనిషి "పాకెట్"ని "రాకెట్" అన్నాడంటే చూడకుండా చదివినట్టు కాదు. మరీ శ్రద్ధగా చూసి చదివినట్టు. మీ కుడి పక్క నోటు కొట్టేయండి.

పూర్తిగా కొత్త లిపి నేర్చుకునేవాళ్లకి ఈ బాధ లేదు. సగం తెలిసిన లిపి దగ్గరే మోసపోతాం. స్పానిష్ వాళ్లది ఇంకో తంటా. అక్షరాలు దాదాపు అవే, కానీ "హెచ్" పలకరు, "జె"ని "హ"కి దగ్గరగా పలుకుతారు. అరబిక్ చదివేవాళ్లకి కన్ను కుడి నుంచి ఎడమకి నడవడం అలవాటు. మామూలు రాతలో హ్రస్వాలు రాయరు, అందుకని హల్లుల్ని పట్టుకుని అచ్చుల్ని దాటేస్తారు. పైగా "ప్" శబ్దం వాళ్ల భాషలో లేదు, "బ్" అయిపోతుంది. అంటే ఒకే మాటని ముగ్గురు మూడు రకాలుగా తప్పు చదివితే మూడూ వేరే తప్పులు. ఫారంలో "చదవగలిగారా, కాదు" అని ఒక్క టిక్కు పెడితే ఇదంతా పోతుంది.

రెండో భాష గారూ, తప్పు అక్షరం వల్ల వచ్చింది, దిద్దుబాటు అర్థం వల్ల వచ్చింది. సగం సగం పంచుకుందాం.

---

నల్లబల్ల · శుక్రవారం, ఉదయం 6:50

తనే దిద్దుకున్నదాన్ని క్లే పద్ధతిలో తప్పుగా లెక్కించరు. "లుక్-ఎడ్" ఉచ్చారణ సంగతి, దాన్ని వేరే చోట రాసుకోండి. కాబట్టి ఆయనకీ 24కి 24. ఆవిడకీ 24కి 24. ఒకే అంకె, ఇద్దరూ రెండు ధ్రువాలు. నేనిచ్చిన పద్ధతి మీద నేనే ఫిర్యాదు చేస్తున్నాను.

"లుక్డ్" గురించి ఒక మాట. క్రియ చివర ఇ-డి మూడు రకాలుగా పలుకుతుంది. "లుక్" తర్వాత "ట్", "ప్లే" తర్వాత "డ్", "వాంట్" లాగా చివర "ట్", "డ్" ఉన్న మాటల తర్వాత మాత్రమే "ఇడ్". కంటికి ఒకటే, నోటికి మూడు. టీచర్ దాన్ని అక్కడే దిద్దారా, వదిలేశారా?

---

వెనక బెంచీ · శుక్రవారం, ఉదయం 7:20

అప్పుడు వదిలేశారు. తర్వాత అందరి చేతా "లుక్ట్, లాఫ్ట్" అని కలిపి అనిపించారు, ఆయన పేరు ఎత్తకుండా.

కె పలకదు గారూ, మీ ప్రశ్న కూడా వచ్చింది! "లాఫ్‌లో జి-హెచ్ ఏంటి?" అని ఒకరు అడిగారు. టీచర్ "పాత కాలంలో అక్కడ ఒక శబ్దం ఉండేది, అది మారిపోయింది, అక్షరాలు మిగిలిపోయాయి" అని ఒక్క ముక్కలో చెప్పి ఊరుకున్నారు.

ఇంకో విషయం అడగాలి. తాళంచెవి పోగొట్టుకున్నాయన నిజానికి అన్నది "మై ఫ్రెండ్ లాఫ్ మీ" అని. టీచర్ "నిన్నటి సంగతి కదా?" అని అడిగి, "మై ఫ్రెండ్ లాఫ్డ్" అని రాశారు. వాళ్ల మాటల్నే పాఠం చేస్తామంటూ వాళ్ల మాటల్ని మార్చేయొచ్చా?

---

రెండో భాష · శుక్రవారం, ఉదయం 9:05

ఇది పాత తగువు. ఒక వర్గం, ఎలా అన్నాడో అలాగే రాయి, ఎందుకంటే తన నోటి మాట అచ్చంగా కాగితం మీద కనబడితేనే "రాత అంటే మాటే" అన్నది తలకెక్కుతుంది అంటుంది. ఇంకో వర్గం, తప్పుని బోర్డెక్కిస్తే 14 మంది దాన్నే కాపీ చేసుకుని ఇంటికి తీసుకెళ్తారు అంటుంది.

నేను మొదట్లో అచ్చంగా రాసేదాన్ని. ఒక రోజు ఒకావిడ నోటుబుక్కు తెచ్చి, "మీరు తప్పు రాశారు, మా అబ్బాయి చెప్పాడు" అంది. ఆవిడ మొహంలో కోపం కంటే సిగ్గు ఎక్కువుంది. అప్పట్నుంచి అడిగి, వాళ్ల చేతే మార్పించి రాస్తాను. ఆ టీచర్ చేసింది అదే. మార్చారు, కానీ ఒంటరిగా మార్చలేదు.

---

కె పలకదు · శుక్రవారం, ఉదయం 9:40

జి-హెచ్ జవాబు రాసి పెట్టుకున్నాను. "అక్షరాలు మిగిలిపోయాయి". బాగుంది.

---

మూడో వరస · శుక్రవారం, మధ్యాహ్నం 1:15

అందరూ రాకెట్ ఆయన గురించే మాట్లాడుతున్నారు. ఆవిడ సంగతేంటి? "మై" మీద వేలు పెట్టినావిడ. టీచర్‌కి తెలిసిందా, లేక గడగడా చదివిందని మెచ్చుకుని వదిలేశారా?

---

వెనక బెంచీ · శుక్రవారం, రాత్రి 9:50

సరిగ్గా అదే నేనూ అనుకున్నానండీ. నోటుబుక్కులో కుడి పక్క "టీచర్ గమనించలేదు, పొగిడేశారు" అని రాశాను. ఆవిడ చదవగానే టీచర్ "చాలా బాగుంది" అన్నారు మరి.

ఈ రోజు టీచర్‌ని కలిసి మాట్లాడాను. ముందు నేనేం చూశానో అడిగారు. ఆవిడ గురించి చెప్పగానే నవ్వారు. ఆవిడ ఏ భాషలోనూ ఎప్పుడూ బడికి వెళ్లలేదట. నెల క్రితం వరకు పుస్తకం తలకిందులుగా పట్టుకున్నా తెలిసేది కాదట. పేరు పిలిస్తే తల దించుకునేదట. అందుకే ముందు పిలవకుండా, నలుగురు చదివాక అయిదో మనిషిగా పిలిచారు, కావాలనే. "పాఠం ఆవిడ చెవిలోకి వెళ్లే దాకా ఆగి పిలిచాను. అందరి ముందు గొంతు వినిపించాలి, అది నిన్నటి పని. కార్డులు వచ్చే వారం పని, నిన్న ఊరికే చూద్దామని ఇచ్చాను" అన్నారు.

కార్డు మీద "మై" దగ్గర ఆగడం కూడా పూర్తి తప్పు కాదన్నారు. "మై కీ" అని ఎప్పుడూ జంటగానే వింది కదా, ఆ రెండూ ఆవిడకి ఇంకా ఒకే మాట. మాటకీ మాటకీ మధ్య ఖాళీ ఉంటుందని, అది కంటికి కనబడుతుంది గానీ చెవికి వినబడదని నాకు అప్పటిదాకా తట్టలేదు.

---

పొల్లు · శుక్రవారం, రాత్రి 10:05

మాటల మధ్య ఖాళీ వినబడదు. నిజమే. నేను శబ్దాల గురించి ఇన్నేళ్లు మాట్లాడుతూ దాని గురించి ఎప్పుడూ చెప్పలేదు.

---

మూడో వరస · శుక్రవారం, రాత్రి 10:20

నన్నెవరూ అయిదో మనిషిగా పిలవలేదు. పిలిచి ఉంటే బాగుండేది.

మరి ఫారంలో "అందరూ చదవగలిగారా?" దగ్గర ఏం పెట్టారు?

---

వెనక బెంచీ · శుక్రవారం, రాత్రి 10:41

రెండు గళ్లూ ఖాళీగా వదిలేసి, "వెనక పేజీ చూడండి" అని రాశాను. వెనక పేజీ చాలక ఇంకో కాగితం అంటించాల్సి వచ్చింది. తిప్పి పంపుతారేమో తెలీదు.

వచ్చే గురువారం మళ్లీ వస్తానని అడిగాను, టీచర్ రమ్మన్నారు. కార్డుల రోజు కదా.

---

మూడో వరస · శుక్రవారం, రాత్రి 10:44

పెన్ను?

---

వెనక బెంచీ · శుక్రవారం, రాత్రి 10:45

పెన్సిల్ తీసుకెళ్లానండీ. మెత్తగా రాసేది.